ఫ్రిజ్‌తో మాట్లాడే అక్క

మా అక్క నాతో మాట్లాడదు. నేను పనిచేసే షాపులో ఉన్న ఫ్రిజ్‌తో మాట్లాడుతుంది.

వినేవాళ్ళకు ఇది వింతే గానీ మా వీధికి ఎప్పుడో అలవాటైపోయింది. పొద్దున్నే సంచీ పట్టుకుని వస్తుంది. నేను కౌంటరు వెనక నిలబడే ఉంటాను, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో. నా ముఖం చూడదు. ఫ్రిజ్ వైపు తిరిగి, "ఒక పెరుగు ప్యాకెట్టు. అరకిలో చక్కెర. గిన్నెలు తోమే సబ్బు," అంటుంది. నేనేమన్నా తక్కువ తిన్నానా! తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యానును చూస్తూ, "చక్కెర కిలో ప్యాకెట్లే ఉన్నాయి," అంటాను. "సరే, కిలోనే ఇవ్వమను," అంటుంది ఫ్రిజ్‌తో. ఇస్తాను. డబ్బులు నా చేతికివ్వదు, కౌంటరు మీద పెడుతుంది. చిల్లర నేనూ కౌంటరు మీదే పెడతాను. కొత్తగా వచ్చిన కస్టమర్లు మా ఇద్దర్నీ చూసి, ఏదో పిచ్చాసుపత్రిలో అడుగుపెట్టామనుకుని వెనక్కి తగ్గుతారు.

మా షాపు వీధి మూల మీద ఉంటుంది. ఒకటే గది, వెనక ఒక చిన్న స్టోరు. ఓనరు గారు, నేను, ఇద్దరమే. ఆయన మంచాయన గానీ మాట మహా నిదానం. "బి...స్కె...ట్లు" అనేలోపు నేను బిస్కెట్లు కట్టి, కస్టమరును పంపించి, గుమ్మం కూడా తుడిచేస్తాను. షట్టరెత్తడం, బ్రెడ్డు పేర్చడం, పాత సరుకు ముందుకు జరపడం, బేరాలు, తగాదాలు, అన్నీ నావే.

రెండు వీధులవతల పెద్ద షాపు తెరిచారు. చల్లగా ఏసీ, నేల మీద ముఖం చూసుకోవచ్చు. అయినా జనం మా దగ్గరికే వస్తారు. ఎందుకంటే నా నోటి కోసం. నేను ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. "అమ్మా, ఆ గుడ్లు వద్దు, ఎండలో నిలబడ్డ బండిలో వచ్చాయి." "బాబాయ్, ఈ బ్రెడ్డు నిన్నటిది, పదకొండింటికి కొత్తది వస్తుంది, అప్పుడు రండి." ఓనరు గారు మొదట్లో తల పట్టుకునేవారు. "నువ్వు... అమ్మడానికి... ఉన్నావా... అమ్మకుండా... ఉండడానికి... ఉన్నావా," అనేవారు. తర్వాత ఆయనకే అర్థమైంది, వద్దన్న గుడ్ల వల్లే జనం సబ్బుల కోసమూ నా దగ్గరికి వస్తున్నారని. ఇక ఏమీ అనలేదు.

అక్కకూ నాకూ చెడింది ఈ షాపు వల్లే. కొన్నేళ్ళ కిందట వాళ్ళింట్లో చుట్టాలందరూ భోజనాలకు చేరారు. ఓనరు గారినీ పిలిచారు. ఎవరో సబ్బుల ధరలు పెరిగిపోయాయన్నారు. మా అక్క నవ్వుతూ, "మా చెల్లికేం, అది సబ్బు కొనక్కర్లేదు, షాపంతా దానిదే కదా," అంది. అందరూ నవ్వారు. ఓనరు గారు నవ్వలేదు. ఆయన నవ్వడం కూడా ఆలస్యమే అనుకున్నాను. మర్నాడు షాపుకెళితే షట్టరు సగం దించి, సరుకంతా ఒక్కొక్కటే లెక్క చూడడం మొదలుపెట్టారు. నా చేతిసంచీ కౌంటరు మీద బోర్లించమన్నారు. బోర్లించాను. దువ్వెన, తాళంచెవి, తలనొప్పి మాత్రలు. అంతే.

సాయంత్రానికి లెక్క సరిపోయింది. ఓనరు గారు రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నారు. ఆయనను క్షమించాను. అక్కను మాత్రం క్షమించలేకపోయాను. తల కొట్టేసినట్టయింది నాకు. వెళ్ళి అడిగితే ఏమందో తెలుసా? "సరదాకన్న మాటకి ఇంత రాద్ధాంతమా?" అంది. ఒళ్ళు మండిపోయింది. ఇంకా అక్కడే ఉన్న చుట్టాల ముందే అరిచాను. "మళ్ళీ నీ గుమ్మం తొక్కితే నన్ను చెప్పుతో కొట్టు," అన్నాను. అక్కా ఊరుకోలేదు. "నీ మొహం చూస్తే ఒట్టు," అంది. మొహం చూడకుండా మాట్లాడడానికే ఫ్రిజ్ పనికొచ్చింది దానికి.

ఈమధ్య మా బావకు పెద్ద జబ్బు చేసింది. జ్వరంతో మొదలై ఊపిరితిత్తుల దాకా వెళ్ళింది. ఆసుపత్రి నుంచి బతికి బయటపడ్డాడు గానీ మనిషి సగమయ్యాడు. ముక్కుకు వాసన తెలియదు, నాలుకకు రుచి తెలియదు. ఉప్పు వేసినా, చక్కెర వేసినా ఒకటేనట. మందుబిళ్ళలు మింగాలంటే చల్లటి నిమ్మరసం ఉండాలి, మామూలు నీళ్ళతో వేసుకుంటే కక్కేస్తున్నాడట. ఇదంతా అక్క ఫ్రిజ్‌తో చెప్పుకుంటుంటే విన్నాను. ఫ్రిజ్‌కు చెప్పినట్టే చెప్పింది గానీ, ఎవరికి చెబుతోందో నాకు తెలియదా? నాకు బావంటే ప్రాణం. చిన్నప్పుడు సైకిలు తొక్కడం నేర్పింది ఆయనే. చూడడానికి వెళ్ళాలని రోజూ అనుకునేదాన్ని. ఆ గుమ్మం గుర్తొచ్చి ఆగిపోయేదాన్ని.

మా షాపులో నిమ్మరసం మెషీను ఉంది. నేల తుడిచే లిక్విడు కూడా లూజుగా అమ్ముతాం. వెనక మూలన నీలం డ్రమ్ము, దానికొక కుళాయి. కస్టమర్లు ఖాళీ సీసా తెచ్చుకుంటారు, నింపి ఇస్తాం. ఆ కంపెనీ వాడికి ఏం పోయేకాలమో, లిక్విడు కూడా లేత పసుపే, నిమ్మ వాసనే. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. లిక్విడు నింపిన సీసా మెడకు ఎర్ర రబ్బరు బ్యాండు వేస్తాను. వేసి కస్టమరు ముఖం చూసి, "ఇది నేలకి, తాగేది కాదు, పిల్లలకి దూరంగా పెట్టండి," అని చెబుతాను. చెప్పకుండా ఒక్క సీసా గడప దాటదు.

ఆ రోజు పొద్దున అక్క రెండు ఖాళీ సీసాలు తెచ్చింది. రెండూ ఒకేలాంటి మంచినీళ్ళ సీసాలు. "ఒకదాంట్లో నిమ్మరసం, ఒకదాంట్లో నేల తుడిచే లిక్విడు," అంది ఫ్రిజ్‌తో. "కాస్త తొందరగా. ఆయన మందులేసుకునే టైమైంది."

రబ్బరు బ్యాండు మణికట్టుకు తొడుక్కున్నాను, చేతులు ఖాళీగా ఉంటాయని. రెండూ నింపాను. మూతలు బిగించి కౌంటరు మీద పెట్టాను. బ్యాండు తీయబోతున్నాను, ఇంతలో సరుకులకొచ్చిన ఒక టాక్సీ డ్రైవరు పాల ప్యాకెట్టు జారవిడిచాడు. అది పగిలి పాలు వీధి దాకా పారాయి. "కళ్ళెక్కడ పెట్టుకున్నావయ్యా!" అంటూ గుడ్డ పట్టుకుని వంగాను. లేచేసరికి అక్క రెండు సీసాలూ సంచీలో వేసుకుని గుమ్మం దిగుతోంది.

ఇంకెవరైనా అయితే గొంతు చించుకుని పిలిచేదాన్ని. నోరు తెరిచాను కూడా. పిలవాలంటే ఏమని పిలవాలి? "అక్కా" అనాలి. ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. ఓనరు గారితో చెప్పిద్దామంటే ఆయన స్టోరులో ఉన్నారు. ఫ్యాను వైపు చూసి, "ఒకటి నేలది," అన్నాను. ఫ్యాను తప్ప ఎవరూ వినలేదు. అక్క మలుపు తిరిగింది.

పోనీలే, దానికి మాత్రం తెలియదా, మూత తీస్తే ఘాటు తెలియదా, అనుకున్నాను. అనుకుని పాలు తుడిచాను. బ్రెడ్డు ట్రేలు కడిగి బోర్లించాను. మనసులో ఎక్కడో గీరుతూనే ఉంది, నేను పట్టించుకోలేదు.

అంతలో మా వీధిలో ఉండే రిటైరైన పోస్ట్‌మాన్ తాతగారు వచ్చారు. దగ్గు బిళ్ళలడిగారు. "పాడు జలుబమ్మా, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. పొద్దున టీ అనుకుని కషాయం తాగేశా, తేడాయే తెలీలేదు," అని నవ్వారు.

దగ్గు బిళ్ళలు అక్కడే వదిలేశాను. మూత తీసేది అక్కే కావచ్చు. తాగేది బావ. వాసన తెలియని మనిషి, రుచి తెలియని మనిషి. బిళ్ళలు నోట్లో వేసుకుని గటగటా తాగే మనిషి.

"ఓనరు గారూ! మా అక్క నంబరివ్వండి!" అని అరిచాను.

ఆయన స్టోరులోంచి తల బయటపెట్టారు. "ఎవ...రి... అక్క?"

"మా అక్కండీ! నాకెంతమంది అక్కలున్నారు!"

ఆయన చేతిలో డబ్బా కింద పడింది. ఇన్నేళ్ళలో నా నోట ఆ మాట వినలేదు మరి. పాపం, ఆయన బతుకులో మొదటిసారి గబగబా ఫోను తీశారు. రింగవుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేశారు. ఎత్తలేదు. "తాతగారూ, కౌంటరు చూడండి!" అని పరుగందుకున్నాను.

మా వీధిలో నేను పరిగెత్తడం ఎవరూ చూడలేదు. లావు మనిషిని. ఇస్త్రీ బండి అతను, "ఏమైందక్కా, దొంగా?" అని అరిచాడు. జవాబు చెప్పలేదు. ఒక చెప్పు ఎక్కడో ఊడింది. బావ సైకిలు వెనక పట్టుకుని పరిగెత్తిన రోజులు గుర్తొచ్చాయి, ఏడుపొచ్చేసింది. దేవుడా, తాగకుండా ఉంటే చాలు, ఇంకేమీ అడగను, అనుకుంటూ ఆ గుమ్మం ఎక్కాను. తొక్కనని ఒట్టు పెట్టుకున్న సంగతి లోపలికి వెళ్ళాక గానీ గుర్తు రాలేదు.

బావ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరచేతిలో బిళ్ళలు. ముందు బల్ల మీద గ్లాసు, నిండా పసుపు. ఒక్క తోపు తోశాను. గ్లాసు గోడకు కొట్టుకుని ముక్కలైంది.

"తాగావా బావా? తాగావా?"

"లేదు, ఇంకా లేదు. నన్నొదిలెయ్, నీళ్ళగది దగ్గరికి వెళ్ళు," అన్నాడు. "మీ అక్క... మీ అక్కను చూడు."

అక్క కుళాయి దగ్గర వంగి ఉంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. పెదాలు ఎర్రగా ఉబ్బిపోయాయి. నోట్లోంచి నురుగు. నన్ను చూసి ఏదో అనబోయింది, మాట రాలేదు.

"మింగావా? అక్కా, మింగావా?"

తల అడ్డంగా ఊపింది.

"ఉమ్మెయ్. మళ్ళీ పుక్కిలించు. మింగకు, ఉమ్మెయ్. ఇంకోసారి, అక్కా, ఇంకోసారి!" మెడ పట్టుకుని కుళాయి కింద వంచాను. ఇన్నేళ్ళ తర్వాత నేను దానితో మాట్లాడిన మొదటి మాటలు అవే. అది నా చీర కొంగు గట్టిగా పట్టుకుని, చెప్పినట్టల్లా చేసింది.

వీధి చివర క్లినిక్కు. ఇస్త్రీ బండి అతను ఆటో తెచ్చాడు. అక్కడి నర్సు మా అక్కను లోపలికి తీసుకెళుతూ, "ఏం తాగింది? ఎక్కడిది? ఎవరిచ్చారు?" అని గద్దించింది.

"నేల తుడిచే లిక్విడండీ. మా షాపుదే. నేనే ఇచ్చాను, చెప్పకుండా ఇచ్చాను," అన్నాను. అక్కడున్న వాళ్ళందరూ నావైపు చూశారు. చూడనీ.

బయట బెంచీ మీద బావా నేనూ కూర్చున్నాం. ఆయనకు ఇంకా ఆయాసం తగ్గలేదు. నేను ఏడుస్తూనే ఉన్నాను.

"నీకోసం పోసిన గ్లాసు కదా బావా. అదెందుకు తాగింది?"

ఆయన ముఖం మీద చెమట తుడుచుకున్నాడు. తర్వాత, "రోజూ చేసేదే. మీ షాపునుంచి ఏది తెచ్చినా ముందు తను నోట్లో వేసుకుంటుంది. బాగుంటేనే నాకు పెడుతుంది," అన్నాడు.

నాకు తల తిరిగిపోయింది. ఏడుపు ఎటు పోయిందో పోయింది. "అంటే? నేను విషం పెడతాననుకుందా? దొంగని చేసింది చాలక, హంతకురాల్ని కూడా చేసిందా నన్ను?"

"అరవకు. అది కాదు."

"మరేంటి? అంత భయమైతే ఆ పెద్ద షాపుకి పోవచ్చుగా! ఇంటికే తెచ్చిస్తారుగా!"

"నేనూ అదే అన్నా. వినదు. అక్కడ చెల్లెల్లేదుగా అంటుంది." బావ ఊపిరి పీల్చుకున్నాడు. "భయం నీమీద కాదు, మరదలా. నువ్వు చెప్పవు, అంతే. వీధిలో అందరికీ చెప్తావు కదా, గుడ్లు వద్దు, బ్రెడ్డు నిన్నటిది అని. దానికి చెప్పవు. అడిగింది అడిగినట్టు ఇచ్చేస్తావు. పోయిన నెల బ్రెడ్డు బూజు పట్టి ఉంది. అంతకుముందు పెరుగు పుల్లబడింది. నాకా రుచి తెలీదు. నువ్వు చెప్పవు కాబట్టి తనే రుచి చూసి తెలుసుకోవాలిగా."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఆ పెరుగు సంగతి నాకు తెలుసు. ముందురోజు రాత్రి కరెంటు పోయింది. పొద్దున వచ్చిన ప్రతివాళ్ళకూ, "ఇవాళ పెరుగు తీసుకోకండి," అని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. అక్క ఫ్రిజ్‌నడిగింది. తీసి ఇచ్చాను. ఇస్తున్నప్పుడు, దాని ఖర్మ, అనుకున్నాను కూడా. దొంగ అన్నందుకు ఆ రోజు నాకెంత సిగ్గేసిందో, ఆ బెంచీ మీద అంతకు పదింతలు సిగ్గేసింది. బావ ముఖం చూడలేకపోయాను.

డాక్టరు బయటికొచ్చి, కడుపులోకి ఏమీ పోలేదని చెప్పారు. నోరూ నాలుకా బొబ్బలెక్కాయి, మానేదాకా మెత్తటివి, చల్లటివి పెట్టండి, అస్సలు మాట్లాడనివ్వద్దు అన్నారు. లోపలికి వెళ్ళాను. అక్క మంచం మీద కూర్చుని ఉంది. గోడకేసి చూడలేదు, పైకి చూడలేదు, నన్నే చూసింది. వాచిన నాలుకతో, "తప్పు... నాదేనే... ఆ రోజు..." అని మొదలుపెట్టింది.

"నోరు మూసుకో! డాక్టరు మాట్లాడొద్దన్నారు," అని కసిరాను. కసిరి, దాని ఒళ్ళో తల పెట్టుకుని భోరున ఏడ్చాను.

డ్రమ్మును మర్నాడే వెనక్కి పంపించేశాం. ఓనరు గారు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. రోజూ మధ్యాహ్నం అక్క దగ్గరికి వెళ్ళి కూర్చునేదాన్ని. అది మాట్లాడకూడదు కదా, ఇన్నేళ్ళ కబుర్లు ఏకరువు పెట్టాను. మధ్యలో ఏదో అనబోతే వేలు చూపించేదాన్ని. బావ నవ్వలేక నవ్వేవాడు. దానికి నోరు మానేలోపు నా గొంతు పోయింది.

నోరు మానాక ఒకరోజు ఇద్దరూ కలిసి షాపుకొచ్చారు, బావకు కాస్త నడక అవుతుందని. అక్క నేరుగా బ్రెడ్డు దగ్గరికెళ్ళి ఒక ప్యాకెట్టు చేతిలోకి తీసుకుంది.

"అది పెట్టెయ్యక్కా. నిన్నటిది," అన్నాను.

"కొత్తది ఎప్పుడొస్తుంది?"

"పదకొండింటికి."

"అంత ఎండలో మళ్ళీ ఎవరొస్తారు? ఇక్కడే కూర్చుంటాం," అని బావను స్టూలు మీద కూర్చోబెట్టి, తను ఖాళీ ట్రే బోర్లించి దాని మీద కూర్చుంది. వచ్చేపోయే వాళ్ళందరినీ పలకరించింది. నా సర్దుడు బాగాలేదని, ఉల్లిపాయల పక్కన సబ్బులేమిటని రెండుసార్లు నాతో దెబ్బలాడింది. ఓనరు గారు ఏదో చెప్పబోయి, మా ఇద్దరి మధ్యలో సందు దొరక్క ఊరుకున్నారు.

బ్రెడ్డు బండి వచ్చింది. ట్రేలు దింపించి, పైన ఒక ప్యాకెట్టు తీసి చేత్తో నొక్కి చూశాను. ఇంకా వెచ్చగా ఉంది. "ఇది తీసుకో. బాగుంది," అని అక్క చేతికిచ్చాను.

అక్క ప్యాకెట్టు చింపింది. ఒక ముక్క తుంచింది. నేను కౌంటరు పట్టుకుని నిలబడి దాని చేతినే చూస్తున్నాను. ఆ చెయ్యి దాని నోటి వైపు వెళ్ళలేదు. ముక్కను నేరుగా బావ నోట్లో పెట్టింది.